స్థలం ఎవరిదో తేల్చడానికి సాక్షుల విచారణ తప్పదా? కాగితాలు చూసి తీర్పు ఇవ్వకూడదా?

కృష్ణాతీరం:
మా అమ్మ పేరున 200 గజాల ప్లాటు ఉంది. 2009లో రిజిస్ట్రేషన్ అయింది. అమ్మినాయనే 2014లో అదే ప్లాటును ఇంకొకరికి మళ్ళీ రిజిస్టర్ చేశాడు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) తీస్తే రెండు దస్తావేజులూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఏది ముందో, ఏది వెనకో అడగక్కర్లేదు. 2016లో దావా వేశాం. ఇప్పటికీ వాయిదాలే. మొన్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో అమ్మను గంటన్నర నిలబెట్టారు. పదహారేళ్ళ కిందటి రోజున సాక్షుల్లో ఎవరు ముందు సంతకం పెట్టారని అడిగితే ఆవిడేం చెబుతుంది? ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు.

కమర్షియల్ కోర్టుల్లో సాక్షుల విచారణకు ముందే తీర్పిచ్చే సమ్మరీ జడ్జిమెంట్ ఉంది కదా. మామూలు టైటిల్ (ఆస్తి హక్కు) దావాలకు అది ఎందుకు లేదు? ఉండి తీరాలని నా వాదన.

సివిల్ ప్లీడర్:
అమ్మగారి బాధ అర్థమైంది. అలాంటివాళ్ళను వారానికి ఒకరినైనా చూస్తుంటాను. చట్టం సంగతి చెబుతాను.

2015లో కమర్షియల్ కోర్టుల చట్టంతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 13-ఏ చేరింది. ఒక పక్షానికి గెలిచే అవకాశం నిజంగా లేదని, నోటి సాక్ష్యం దాకా లాగడానికి వేరే బలమైన కారణమూ లేదని తేలితే కోర్టు అక్కడే తీర్పు ఇవ్వొచ్చు. ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు, ఖరారు కాకముందే అడగాలి. కానీ ఇది వాణిజ్య వివాదాలకే. స్థిరాస్తి విషయంలో, పూర్తిగా వ్యాపారానికే వాడుతున్న ఆస్తికి సంబంధించిన ఒప్పందాల వరకే వస్తుంది. ఇంటి ప్లాటుకు, పొలానికి వర్తించదు.

మన దావాల్లో ఉన్నవి వేరు. ఆర్డర్ 7 రూల్ 11 కింద దావా పత్రాన్నే తిరస్కరించమని ప్రతివాది అడగొచ్చు. ఆర్డర్ 12 రూల్ 6 కింద, ఎదుటివాడు ఒప్పుకున్నంత మేర తీర్పు అడగొచ్చు. ఈ రెండోదాన్ని మావాళ్ళు చాలా తక్కువగా వాడతారు. అది మా తప్పే.

ఓరుగల్లు రైతుబిడ్డ:
కృష్ణాతీరం గారూ, మీ కాగితం మీ దగ్గరుంది కాబట్టి మీకు ఇది న్యాయంగా కనిపిస్తోంది. మా నాన్న 1996లో రెండెకరాలు తెల్లకాగితం మీద కొన్నాడు. సాదాబైనామా. రిజిస్ట్రేషన్ ఖర్చుకు డబ్బుల్లేవు, ఊళ్ళో అందరూ అట్లనే కొన్నరు. అప్పటి నుంచి నాగలి మాది, కరెంటు మోటరు మాది. పాసుబుక్కు మాత్రం అమ్మినాయన కొడుకుల పేరున వచ్చింది. పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) అనుభవదారు కాలమ్ అన్నా ఉండేది. ధరణి పోర్టల్ వచ్చాక అదీ పోయింది.

కాగితాలు చూసి తీర్పు చెప్పండి అంటే మా నాన్న మొదటి వాయిదాలోనే ఓడిపోతాడు. ఆయన పక్షాన మాట్లాడేది పక్క పొలం రైతు, ఊరి పెద్దమనిషి. వాళ్ళను బోనెక్కించకుండా ఏ జడ్జికి తెలుస్తుంది ఆ భూమి కథ?

డాలస్ వాసి:
నేను ఉండే అమెరికాలో ఈ సమ్మరీ తీర్పు పద్ధతి అన్ని సివిల్ కేసుల్లోనూ ఉంది. స్థలం హక్కు తేల్చే దావాల్లో కూడా. కానీ అసలు విషయంలో నిజమైన వివాదం ఒక్కటి కనిపించినా జడ్జి అక్కడ తేల్చడు, కేసు పూర్తి విచారణకు వెళ్తుంది. ఎవరి మాట నమ్మాలో తూచడం ఆ దశలో జడ్జి పని కాదు. రైతుబిడ్డ గారి నాన్నగారు, పక్క రైతు అఫిడవిట్లు వేస్తే అక్కడ అది వివాదం కిందికే వస్తుంది. ఇంకొకటి, అక్కడ ఇల్లు కొనేవాళ్ళలో చాలామంది టైటిల్ ఇన్సూరెన్స్ (హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా) తీసుకుంటారు. మన దగ్గర రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడు తప్ప అమ్మేవాడికి హక్కుందని హామీ ఇవ్వడు. ఆ తేడా మర్చిపోవద్దు.

సివిల్ ప్లీడర్:
రైతుబిడ్డ గారు అన్నదానికి మీ వరంగల్ నుంచే ఒక కేసు ఉంది. 1978లో ఇంజంక్షన్ దావాగా, అంటే ఎదుటివాళ్ళు స్థలం జోలికి రాకుండా ఆపమని, మొదలై 2008లో సుప్రీంకోర్టులో ముగిసింది. ఒక పక్షం, రికార్డులో పేరున్న అన్న దగ్గర కొన్నామంది. ఇంకో పక్షం, ఆ అన్న ఎప్పుడో పసుపుకుంకుమ కింద నోటిమాటగా ఇచ్చేశాడంటూ చెల్లెలి దగ్గర కొన్నామంది. హక్కు మీద ఇంత చిక్కు ఉన్నప్పుడు ఒట్టి ఇంజంక్షన్ దావాలో తేల్చలేం, హక్కు ప్రకటన కోసం దావా వేసుకోండి అని కోర్టు చెప్పింది. ముప్పై ఏళ్ళ తర్వాత! ఆలస్యం ఎంత ఘోరమో, మన కుటుంబాల్లో ఆస్తి కాగితం లేకుండా ఎలా చేతులు మారుతుందో రెండూ ఆ ఒక్క కేసులో ఉన్నాయి.

తొందర కోసం సివిల్ కోర్టునే తప్పిస్తే ఏమవుతుందో ఆంధ్రలో చూశాం. ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. హక్కు తేల్చే పని అధికారి చేతికి పోతోందని మేం కోర్టులు బహిష్కరించాం. 2024లో ఆ చట్టం రద్దయింది. సమ్మరీ తీర్పు అలాంటిది కాదు. జడ్జే ఇస్తాడు, అప్పీలూ ఉంటుంది. అందుకే నేను దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యను.

కృష్ణాతీరం:
రైతుబిడ్డ గారూ, మీ నాన్నగారి సంగతి చదివాక నా మొదటి పోస్టు మార్చుకుంటున్నాను. అన్ని టైటిల్ దావాలకూ వద్దు. ఒకే మనిషి రెండుసార్లు రిజిస్టర్ చేసి, మొదటి దస్తావేజు దొంగదని ఎవరూ అననప్పుడు మాత్రం ఉండాలి. ఒకసారి అమ్మేశాక ఆయన చేతిలో ఇంకేం మిగిలిందని రెండోసారి అమ్ముతాడు? దీనికి మా అమ్మ జ్ఞాపకశక్తిని ఎందుకు పరీక్షించాలి?

ఓరుగల్లు రైతుబిడ్డ:
ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు. కానీ చట్టంలో రాసేటప్పుడు భూమి మీద ఎవరున్నారో ముందు చూడాలని రాయాలె. స్వాధీనం ఒకరిది, కాగితం ఇంకొకరిది అయితే సాక్షులు రావాల్సిందే. దీని మీద నేను తగ్గను.

సివిల్ ప్లీడర్:
కృష్ణాతీరం గారూ, ఇప్పుడు ప్లాటులో ఎవరున్నారు? జవాబుదావాలో 2009 దస్తావేజు గురించి ఏమని రాశారు?

కృష్ణాతీరం:
2015లో వాళ్ళు ప్రహరీ కట్టారు, అందుకే దావా వేశాం. దస్తావేజు గురించి "మాకు తెలియదు" అని ఒక్క ముక్క రాశారు. దొంగదని ఎక్కడా అనలేదు.

సివిల్ ప్లీడర్:
ప్రహరీ కట్టిన పన్నెండేళ్ళ లోపే దావా వేశారు కాబట్టి గడువు దాటిందన్న భయం లేదు. స్పష్టంగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్కని ఆర్డర్ 8 రూల్ 5 చెబుతుంది. అయినా రుజువు చేయమనే అధికారం జడ్జికి ఉంది, కాబట్టి ఖాయంగా గెలుస్తారని చెప్పను. ఆ పేజీ, 2009 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ పట్టుకుని మీ వకీలు దగ్గరికి వెళ్ళండి. ఆర్డర్ 12 రూల్ 6 కింద పిటిషన్ వేయడం కుదురుతుందేమో అడగండి. కేసు ఏ దశలో ఉన్నా అది వేయొచ్చు.