వర్డ్‌ప్యాడ్‌లో ఫాంటు, లైన్ గ్యాప్ ఒకసారి పెడితే నిలిచే మార్గం ఉందా?

తెనాలి టైపిస్టు

తెనాలిలో చిన్న టైపింగ్ షాపు నాది. అద్దె అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, మూఢం లేని నెలల్లో పెళ్ళి బయోడేటాలు. విండోస్ 7 సిస్టమ్, 2 జీబీ ర్యామ్. వర్డ్ కొనే స్తోమత లేదు, దొంగ కాపీ వేయబుద్ధి కాలేదు. వర్డ్‌ప్యాడ్‌తోనే నెట్టుకొస్తున్నాను.

తెరిచిన ప్రతిసారీ కాలిబ్రి 11, లైన్ స్పేసింగ్ 1.15, పైగా పేరాకీ పేరాకీ మధ్య 10 పాయింట్ల ఖాళీ. నాకు కావాల్సింది తెలుగు ఫాంటు గౌతమి 14, స్పేసింగ్ 1.0, ఖాళీ అసలు వద్దు. రోజుకి పాతికసార్లు మార్చుకుంటున్నాను. మెనూలన్నీ గాలించాను, ‘ఇక ఎప్పుడూ ఇలాగే ఉంచు’ అనే బటన్ ఎక్కడా లేదు.

మొన్న మార్చడం మర్చిపోయాను. స్టాంపు పేపర్ పై భాగమంతా ముద్రే కదా, దాన్ని దాటడానికి 14 సార్లు ఎంటర్ కొట్టడం నా లెక్క. పేరాల మధ్య 10 పాయింట్ల ఖాళీకి ఉండే టిక్కు తీయకుండా కొట్టేశాను. మేటరంతా కిందికి జారి, సాక్షుల సంతకాలు రెండో పేజీలో పడ్డాయి. వంద రూపాయల స్టాంపు. ఇంటాయన, అద్దెకొచ్చేవాళ్ళు ఎదురుగానే కూర్చున్నారు. కొత్త పేపర్ నా జేబులోంచే తెచ్చాను.

పాత డీటీపీ మనిషి

అన్నా, నీ 14 ఎంటర్లని 10 పాయింట్లతో గుణించు. 140. ఇంచికి 72 పాయింట్లు, అంటే దగ్గర దగ్గర రెండు ఇంచులు. ఇంకా 1.15 తన వంతు తను లాగింది. సంతకాలు జారక ఏం చేస్తాయి? ఎక్స్‌పీ రోజుల్లో ఈ బాధ లేదు. ఏరియల్ 10లో తెరుచుకునేది, లైన్ స్పేసింగ్ అనే మాటే ఉండేది కాదు.

డిఫాల్ట్ మార్చే సదుపాయం వర్డ్‌ప్యాడ్‌లో లేదు, వెతకడం మానెయ్. ఖాళీ అగ్రిమెంటు ఒకటి నీకు కావాల్సిన కొలతల్లో తయారుచేసి ఆర్‌టీఎఫ్‌గా, అంటే వర్డ్‌ప్యాడ్ మామూలుగా సేవ్ చేసే రిచ్ టెక్స్ట్ రకంలో, సేవ్ చెయ్. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రీడ్-ఓన్లీ టిక్కు. రోజూ దాన్నే తెరువు. పొరపాటున సేవ్ కొట్టినా దాని మీద పడదు, వేరే పేరు పెట్టాల్సిందే.

ఒక్కటి చూసుకో, పూర్తి ఖాళీ ఫైలు వద్దు. తెలుగు అక్షరం లేకపోతే గౌతమి నిలవకపోవచ్చు. హెడ్డింగ్ ఒక లైను ఉంచు, దాని చివర కర్సర్ పెట్టి మొదలెట్టు.

రాత్రి షిఫ్టు

పైన చెప్పింది చాలు. ఇంకొంచెం ముందుకెళ్ళాలంటే, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ’లో రిచ్ టెక్స్ట్ డాక్యుమెంట్ అంటే మీ ఫైలే వచ్చేలా చేయొచ్చు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, క్లాసెస్ రూట్ కింద డాట్ ఆర్‌టీఎఫ్, దాని లోపల షెల్‌న్యూ ఉంటుంది. అక్కడ ‘డేటా’ అనే దాంట్లో ఒక చిన్న కోడు తప్ప ఏమీ ఉండదు, అందుకే ఫైలు ఉత్తగా పుడుతుంది. ఆ డేటా తీసేసి ‘ఫైల్‌నేమ్’ అని స్ట్రింగ్ పెట్టి, మీ ఫైలు పూర్తి దారి రాయండి. ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి సార్, రిజిస్ట్రీతో ఆటలొద్దు. ఈ ఫైలుకి మాత్రం రీడ్-ఓన్లీ పెట్టకండి, పుట్టే కాపీకి కూడా అదే అంటుకుంటుంది. స్టార్ట్ మెనూలోంచి వర్డ్‌ప్యాడ్ తెరిస్తే మళ్ళీ పాత కాలిబ్రియే.

లిబ్రె అభిమాని

ఎన్నాళ్ళీ తిప్పలు? విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి వర్డ్‌ప్యాడే తీసేశారు. లిబ్రె ఆఫీస్ రైటర్ ఉచితం. మీ సిస్టమ్‌కి 24.8 వెర్షన్ చూడండి. సేవ్ యాజ్ టెంప్లేట్‌లో ‘సెట్ యాజ్ డిఫాల్ట్ టెంప్లేట్’ టిక్కు పెడితే ప్రతి కొత్త పేజీ అలాగే వస్తుంది. తెలుగుకి మామూలు ఫాంటు మారిస్తే సరిపోదు, తెలుగు లాంటి లిపుల కోసం సీటీఎల్ ఫాంటు అని వేరే ఉంటుంది, అది మార్చాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

తెనాలి టైపిస్టు

లిబ్రె వేసి చూశాను, 2 జీబీ మీద తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కొత్త సిస్టమ్ కొన్నప్పుడు చూద్దాం.

రిజిస్ట్రీ జోలికి వెళ్ళలేదు, ఉన్నదీ పోతుందని భయం. డీటీపీ అన్న చెప్పిందే చేశాను. ముందు తెలివి ప్రదర్శించి ఖాళీ ఫైలే సేవ్ చేశాను, అన్న అన్నట్టే మొదటి అక్షరానికే ఫాంటు మారింది. అప్పుడు ‘అద్దె ఒప్పంద పత్రము’ అని హెడ్డింగ్ పెట్టాను. అద్దెకి ఒకటి, అఫిడవిట్‌కి ఒకటి, బయోడేటాకి ఒకటి, మూడు ఫైళ్ళు డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. ఆ 14 ఎంటర్లు కూడా ఫైల్లోనే కొట్టేసి ఉంచాను. పొద్దున్నుంచి తొమ్మిది అగ్రిమెంట్లు వేశాను, ఫాంటు డబ్బా ముట్టుకోలేదు.