న్యూ ఇయర్ తీర్మానాలు మానేసి, ఏడాది ఎలా ఉండాలో ఊహించుకుంటే చాలా?

మంజీర:

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. జనవరి 1న తీర్మానాలు చేసుకోవడం మానేసి, వచ్చే డిసెంబరుకి మన జీవితం ఎలా ఉండాలో ఒక మంచి ఊహ పెట్టుకుంటే మేలు కదా? నా జవాబు అవుననే.

మన తీర్మానాలు ఒకసారి చూడండి. సిగరెట్ మానేస్తా, తీపి ముట్టను, ఫోన్ తగ్గిస్తా, పిల్లల మీద అరవను. అన్నీ "వద్దు" అనే మాటలే. ఏడాది మొదటి రోజే మనలో ఏం లోపముందో వెతుక్కుని దానితో పోట్లాట మొదలుపెడతాం. రెండు వారాలు తిరక్కుండా సంక్రాంతి వస్తుంది. అత్తగారు అరిసె పెడితే వద్దనలేం. ఒకటి తింటాం, తీర్మానం అక్కడితో సరి. ఆ అరిసె వల్ల పెద్ద నష్టం లేదు. "నాకు పట్టుదల లేదు" అని మన మీద మనమే వేసుకునే ముద్రతోనే నష్టం.

మా అమ్మకి షుగర్. రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. ఏటా "ఈసారి తప్పకుండా నడుస్తా" అనేది, ఫిబ్రవరికల్లా ఆగిపోయేది. ఒక ఏడాది మాత్రం నడక ఊసెత్తకుండా "అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలి, మెట్లకి పసుపు కుంకుమ పెట్టాలి" అంది. ఆ దారిలో 3,550 మెట్లు. ఆ రోజు నుంచి ఆమెకి ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేకపోయింది. ముందు కాలనీ చుట్టూ తిరిగింది, తర్వాత లిఫ్ట్ వదిలి మెట్లెక్కడం మొదలుపెట్టింది. కొండ మీద చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి. అక్కడ నేను చెయ్యి అందిస్తే "వద్దు, పక్కన నడువు చాలు" అంది. కొండ దిగాక కూడా నడక మానలేదు. డాక్టర్ చెప్పిన రూలుతో కానిది, కొండ మీద తనని తాను చూసుకోవడంతో అయింది. అందుకే అడుగుతున్నాను, ఇంకా ఈ తీర్మానాలు మనకెందుకు?

కోటప్పకొండ:

మంజీర గారూ, ముందుగా అమ్మగారికి నమస్కారాలు. కానీ మీ వాదనతో నేను ఏకీభవించను. నేను సైకాలజీ పాఠం చెప్పే మనిషిని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

మంచి ఊహ ఒక్కటీ పని చేయించదు. చాలాసార్లు పని చెడగొడుతుంది కూడా. గాబ్రియేల్ ఓటింగెన్ అనే ఆచార్యురాలు దశాబ్దాలుగా ఇదే పరిశోధిస్తున్నారు. 1991లో ఆమె, వాడెన్ అనే మరో పరిశోధకుడు కలిసి, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. "నేను తగ్గగలను" అని గట్టిగా నమ్మినవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నగా, అందంగా మారిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో, ఇలాంటి ఊహల్లో ఉన్నప్పుడు మనుషుల సిస్టాలిక్ రక్తపోటు (బీపీలో పై అంకె) తగ్గడం గమనించారు. అంటే ఒళ్లు పనికి సిద్ధమవడం మాని సేదతీరుతోందన్న మాట. గెలిచిన ఆనందం ముందే అందితే ఇక లేచి పరిగెత్తేదెందుకు?

తీర్మానాలు అంత పనికిరానివి కూడా కావు. అమెరికాలో నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, కొత్త సంవత్సరానికి తీర్మానం చేసుకున్నవాళ్లలో 46 శాతం మంది ఆరు నెలల తర్వాత కూడా దాని మీదే ఉన్నారు. అవే మార్పులు కోరుకుని కూడా తీర్మానం చేసుకోనివాళ్లలో 4 శాతమే నిలిచారు. "తీర్మానాలన్నీ ఫిబ్రవరికి గాలికి పోతాయి" అని అందరూ అంటుంటారు కదా, లెక్క అలా లేదు.

చిక్కడపల్లి:

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూం, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో. ఇక్కడ ఊహలకి కొదవ లేదన్నా. ఏ రూంకి వెళ్లినా గోడ మీద "డిప్యూటీ కలెక్టర్" అని స్కెచ్‌తో రాసిన కాగితం కనిపిస్తుంది. మా రూంలో కూడా ఉంది, అద్దం పక్కన, సెల్లో టేప్ పసుపెక్కిపోయి.

నోటిఫికేషన్ వాయిదా పడుతుంది, పరీక్ష రద్దవుతుంది, కోర్టు కేసు పడుతుంది. అవేవీ నా చేతిలో లేవు. కాగితం మాత్రం రోజూ పొద్దున బ్రష్ చేసుకుంటుంటే ఎదురుగా ఉంటుంది. మొదట్లో అది చూస్తే ఊపొచ్చేది. ఇప్పుడు టెన్షన్ వస్తోంది. ఊరి నుంచి నాన్న డబ్బులు పంపిన మెసేజ్ వచ్చిన రోజు అయితే దాని వంక చూడలేను. ఫలితం వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఈ పాజిటివ్ ఊహ ఏం పనికొస్తుంది? ఎవరైనా దీనికి సూటిగా జవాబు చెప్పండి.

నల్లరేగడి:

అసలు జనవరి 1 ఎందుకండీ, మన కొత్త ఏడాది ఉగాది కదా. మాట పక్కదారి పట్టించాలని కాదు. ఉగాది పూట పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయంతో పాటు వ్యయం, రాజపూజ్యంతో పాటు అవమానం కూడా చదువుతారు. జాతకం నమ్మినా నమ్మకపోయినా, ఏడాది మొదట్లోనే ఖర్చూ, మాట పడటమూ కూడా ఉంటాయని చెవిన వేసుకునే పద్ధతి అది. మంజీర గారి ఊహలో ఆ రెండో సగం లేదు. కోటప్పకొండ గారు చెబుతున్నదీ అదేననుకుంటా.

గోదారిగట్టు:

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఎవరూ ఎత్తలేదు. అయ్యప్ప దీక్ష.

మా బావ సంగతి చెబుతాను. మామూలు రోజుల్లో సిగరెట్ లేనిదే బాత్రూంకి కూడా వెళ్లడు. అక్క బతిమాలింది, డాక్టర్ భయపెట్టాడు, న్యూ ఇయర్ తీర్మానాలు సరేసరి. అదే మనిషి కార్తీకంలో మాల వేస్తే మండలం, అంటే నలభై ఒక్క రోజులూ ఒక్కటి ముట్టడు. చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, కాళ్లకి చెప్పులుండవు, రెండు పూటలా పూజ. ఇంతకన్నా కష్టమైన తీర్మానాల పట్టిక ఉంటుందా? ఐనా అవలీలగా చేస్తాడు. ఎందుకు?

నాకు అర్థమైనంతలో, మాల వేసిన రోజు నుంచి ఆయన పేరు మారిపోతుంది. మా అక్క "స్వామీ, భిక్షకి రండి" అంటుంది. సొంత కూతురు స్వామీ అంటుంది. ఆఫీసులో మేనేజర్ కూడా స్వామీ అనే పిలుస్తాడు. టీ కొట్టు దగ్గర ఎప్పుడూ సిగరెట్ అందించే స్నేహితుడు ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. "సిగరెట్ మానాలి" అని ఆయన రోజూ తనతో తాను పోట్లాడనవసరం లేదు. స్వామి సిగరెట్ తాగడు, అంతే.

మరి శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం? అదే టీ కొట్టు, అదే స్నేహితుడు, అదే సిగరెట్. మా అక్క ఏటా ఆ సాయంత్రం ఏడుస్తుంది. ఇక్కడ రాయడం బాగుండదేమో గానీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ చర్చకి జవాబు ఆ సాయంత్రంలోనే ఉందనిపిస్తుంది. నియమాలు పోయినందుకు సిగరెట్ రాలేదు. మాలతో పాటు ఆ పేరు కూడా పోయింది, మళ్లీ పాత మనిషి పాత పేరుతో మిగిలాడు.

కాబట్టి తీర్మానమా, ఊహా అన్నది కాదు నా లెక్క. ఊహ "నాకేం దక్కుతుంది" అన్నదాని మీద ఉంటే కోటప్పకొండ గారు చెప్పినట్టు పగటికలే. "నేనెవరిని" అన్నదాని మీద ఉంటే, చుట్టుపక్కలవాళ్లు కూడా అలాగే చూస్తే, నియమాలు వాటంతటవే నిలబడతాయి. చిక్కడపల్లి తమ్ముడూ, నీ గోడ మీద ఉన్నది దక్కే పదవి. నువ్వెవరివన్నది అక్కడ లేదు.

మంజీర:

గోదారిగట్టు గారు నా మనసులో మాట నాకన్నా బాగా చెప్పారు. అమ్మ కూడా "నేను మొక్కు తీర్చుకోవాల్సిన మనిషిని" అనుకుంది, పేషెంట్‌ని అనుకోలేదు.

కోటప్పకొండ గారూ, మీరు అంకెలు ఇచ్చారు కాబట్టి నేనూ ఒకటి ఇస్తాను. స్వీడన్‌లో 1,066 మంది న్యూ ఇయర్ తీర్మానాలను ఏడాది పాటు గమనించి 2020లో ప్రచురించారు. ఏదో ఒకటి మానేయాలని పెట్టుకున్నవాళ్లలో 47.1 శాతం మంది నిలబడ్డామని చెప్పారు. ఏదో ఒకటి కొత్తగా చేయాలని పెట్టుకున్నవాళ్లలో 58.9 శాతం. అంటే ముఖం దేనివైపు తిప్పుకున్నామన్నది తేడా తెస్తుంది. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

నల్లరేగడి గారి మాటకి: అమ్మ ఊహలో కొండ మాత్రమే లేదండీ. మోకాళ్లు పట్టేస్తే ఎక్కడ కూర్చోవాలి, మందులు ఎవరి సంచిలో ఉండాలి అని కూడా ముందే అనుకుంది. ఇష్టంగా ఊహించుకునేవాళ్లు కష్టాన్ని వదిలేస్తారని ఎందుకనుకోవాలి?

కోటప్పకొండ:

మీరిచ్చిన స్వీడన్ అంకెలు నిజమే, మంచి అధ్యయనం. కానీ అందులోని 1,066 మందీ చేసుకున్నవి తీర్మానాలే. "తీపి మానేస్తా" బదులు "రోజూ పండు తింటా" అన్న తీర్మానం ఎక్కువగా నిలిచింది. దాన్నుంచి తీర్మానం మార్చి రాసుకోండి అని చెప్పొచ్చు, తీర్మానమే వద్దని చెప్పలేం.

మీ అమ్మగారు చేసిన పనిని ఓటింగెన్ ఒక పద్ధతిగానే నేర్పిస్తారు. కోరిక అనుకోవాలి, అది తీరితే ఎలా ఉంటుందో ఊహించాలి, వెంటనే నాలో ఏది అడ్డొస్తుందో కూడా చూడాలి, అడ్డొచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోవాలి. చివరిది పీటర్ గోల్విట్జర్ అనే ఆయన పరిశోధించిన విషయం. "సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులేసుకుంటా" అన్నంత చిన్నగా ఉండాలి. అమ్మగారు చదవకుండానే చేశారు. చదివిన మా విద్యార్థులు చేయరు, నాకు నిజంగా బాధ కలిగే విషయం అది.

దీక్ష గురించి ఒక మాట. లండన్‌లో 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల అంచనా. మండలం చాలా మందికి చాలకపోవచ్చు. అందులోనే ఇంకో మంచి మాట ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్దగా నష్టం రాలేదు. అరిసె తిన్నవాళ్లంతా ఇది గుర్తుపెట్టుకోవాలి.

రాత్రిడ్యూటీ:

నేను నర్సుని. ఇంతసేపూ చదివాను. అందరూ ఒక మనిషి, ఆ మనిషి ఊహ అన్నట్టే మాట్లాడుతున్నారు. ఇంట్లో ఒకరి ఊహ ఇంకొకరి టైం మీద నడుస్తుందని ఎవరూ అనలేదు.

మా ఆయన ఒక ఏడాది మారథాన్ పరిగెత్తే మనిషి అవుతానన్నారు. అయ్యారు కూడా, నాకు సంతోషమే. కానీ తెల్లవారుజామున ఆయన బూట్లు కట్టుకుంటుంటే, డ్యూటీ నుంచి వచ్చిన నేను పిల్లల బాక్సులు కట్టేదాన్ని. దీక్ష స్వామికి రెండు పూటలా మడితో వండేది ఎవరు? గోదారిగట్టు గారి అక్కే కదా. ఆమెకి ఏ పేరూ మారలేదు.

అందుకని మా ఇంట్లో పద్ధతి మార్చాను. డిసెంబరులో నలుగురం కూర్చుని, వచ్చే ఏడాది ఒక మామూలు ఆదివారం ఎలా ఉండాలో మాట్లాడుకుంటాం. ఎవరు ఎన్నింటికి లేస్తారు, వంట ఎవరిది, అమ్మ ఎప్పుడు నిద్రపోతుంది. మా చిన్నది "అమ్మ పదింటి దాకా పడుకోవాలి, తలుపు ఎవరూ కొట్టకూడదు" అని కేలండర్ వెనక రాసింది. ఊహ అంటే నాకు అది. దానికి తీర్మానాలు కూడా కావాలి, కాకపోతే అవి నావి కావు, మిగతా ముగ్గురివి.

మంజీర:

మేడమ్, ఇది నాకు తట్టని కోణం. అమ్మ సాయంత్రం నడకకి వెళ్లేటప్పుడు వంటింట్లో నాన్న ఉండేవారు. ఆ మాట నేను మొదటే రాయాల్సింది.

చిక్కడపల్లి తమ్ముడికి: కాగితం తీసెయ్యమని నేను అనను. పదవి రాసిన చోట ఒక రోజు రాసి చూడు. ఎలాంటి ఆఫీసర్ కావాలనుకుంటున్నావో, ఆ మనిషి ఈ రోజు లైబ్రరీలో ఎలా ఉంటాడో రాయి. నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా అది నీదే.

చిక్కడపల్లి:

అక్కా, అన్నలూ, అందరికీ థాంక్స్. కాగితం తీయలేదు. పోస్టు కొట్టాలన్న కోరిక నాకు నిజంగా ఉంది, దాన్ని దాచుకోలేను. దాని కింద ఇంకోటి అంటించాను: "ఎంఆర్వో ఆఫీసులో మా నాన్నని పొద్దున్నుంచి నిలబెట్టారు. నేను ఎవర్నీ నిలబెట్టను. అర్జీ పూర్తిగా చదువుతాను." చదవడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవచ్చు కదా అని, మా రూంమేట్ ఊళ్లో పాస్‌బుక్ సమస్యకి అర్జీ రాసి పెడుతున్నా. భూసంస్కరణలు ఎలాగూ సిలబస్‌లో ఉన్నాయి.

కోటప్పకొండ సార్ చెప్పిన చిన్న తీర్మానం కూడా పెట్టుకున్నా. లైబ్రరీలో సీటు దొరకగానే ఫోన్ రూంమేట్ బ్యాగులో వేసేస్తా. ఇది ఎన్ని రోజులు నిలుస్తుందో సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక ఇక్కడే రాస్తాను.