కరకట్ట, డొంక రోడ్లకి ఏ సైకిల్? ఏ టైర్లు?

మంగళగిరి_రైడర్:
అన్నలూ, ఇన్నాళ్ళూ ఫ్రెండ్‌ది రోడ్డు సైకిల్ తొక్కుతున్నా, 25 ఎంఎం టైర్లు. హైవే మీద లారీలతో టెన్షన్ ఎక్కువైంది, అందుకని పొద్దున్నే కాలువ గట్లు, పొలాల డొంకలు పట్టుకుందామని, వీలైతే ఆదివారాలు కొండవీడు కూడా. సొంతంగా కొనాలి, 40 వేల లోపు. ఎంటీబీయా (కొండదారుల మౌంటెన్ బైక్), హైబ్రిడ్డా (రోడ్డుకీ మట్టిదారికీ మధ్యరకం)? ముందు సస్పెన్షన్ లేకపోతే చేతులు పోతాయంటున్నాడు షాపతను. నా బరువు 78.

పాత_పెడల్:
తమ్ముడూ, పేరు చూసి కాదు, ఫ్రేమ్‌లో ఎంత టైరు పడుతుందో చూసి కొను. 700x40 టైరు (40 ఎంఎం వెడల్పుది) పట్టి, రెండు పక్కలా అయిదేసి ఎంఎం అయినా ఖాళీ ఉండాలి, డిస్క్ బ్రేకులుండాలి. అలాంటి హైబ్రిడ్ చాలు. ఈ రేటులో వచ్చే సస్పెన్షన్ చాలావరకు బరువైన స్ప్రింగే, గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. కంకర మీద చేతుల్ని కాపాడేది టైర్లో గాలి. ట్యూబుతో అయితే ముందు 38, వెనక 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి రెండేసి తగ్గించుకుంటూ రా, రిమ్ము రాయికి కొట్టుకున్న చప్పుడు వస్తే మళ్ళీ పెంచు. అంతకన్నా తగ్గిస్తే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. టైరు మధ్యలో నున్నగా, అంచుల్లో బొడిపెలు ఉన్నది తీసుకో, తార్రోడ్డు మీద కూడా ఈడ్చదు.

పల్లేరుకాయ:
అన్నీ చెప్పి ముళ్ళు వదిలేశారేంటండీ? గట్ల మీద సర్కారు తుమ్మ నరికిన రోజుల్లో వెళ్ళి చూడండి. ట్యూబ్‌లెస్ అయితే చిన్న ముళ్ళు చేసిన చిల్లుల్ని టైర్లో పోసే సీలెంట్ ద్రవం మూసేస్తుంది, కానీ రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదై ఉండాలి, పైగా మన ఎండలకి సీలెంట్ ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోయాల్సిందే. లేదంటే ట్యూబుకీ టైరుకీ మధ్య లైనర్ పట్టీ వేయించండి, కాస్త బరువు, అంతే. ఇంకోటి, సన్న వాల్వ్ అయితే ఊళ్ళో పంక్చర్ షాపులో గాలి ఎక్కదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో పెట్టుకోండి.

గుంటూరు_గేర్లు:
పాత పెడల్ గారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. డొంకలే ఎక్కువైతే 40 ఎంఎం కన్నా 2.1 అంగుళాల ఎంటీబీ టైరే సుఖం, వేగం తగ్గితే తగ్గనీ. కొండవీడు ఘాట్‌కి మాత్రం గేర్లు చూసుకో బ్రదర్, ముందు చిన్న పళ్ళచక్రానికి 30-32 పళ్ళు, వెనక పెద్దదానికి 34 ఉంటే మోకాళ్ళు బతుకుతాయి. వాన పడ్డ మర్నాడు రేగడి డొంకలోకి ఏ టైరుతోనూ దిగకు. ఫోర్కు దగ్గర బంక మట్టి అట్టలు కట్టి చక్రమే తిరగదు, సైకిల్ని భుజాన వేసుకుని రావడమే.

మంగళగిరి_రైడర్:
థాంక్స్ అన్నలూ. వానాకాలం గట్టు, ఎండాకాలం డొంక అనుకుంటా. 40 పడుతుందని షాపతను నోటిమాటగా చెప్పాడు, శనివారం వెళ్ళి కొలుస్తా.

పాత_పెడల్:
ఫోర్కు దగ్గర ఒక్కచోటే కొలిచి వచ్చేయకు. పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం దాటగానే, వెనక చక్రం దగ్గర ఫ్రేమ్ ఇరుకవుతుంది, అక్కడ చూడు.