నెఫ్యూ అంటే మేనల్లుడేనా? కోబుర్గ్ డ్యూకుల వరసలు

జర్మనీలోని సాక్స్-కోబుర్గ్-గోథా అనే చిన్న డచీ (డ్యూక్ ఏలే రాజ్యం) చరిత్ర తెలుగులో చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "1893లో డ్యూక్ రెండో ఎర్నెస్ట్ చనిపోగా మేనల్లుడు ఆల్‌ఫ్రెడ్ గద్దె ఎక్కాడు." నెఫ్యూ కనబడగానే మేనల్లుడు అని రాసేయడం మనకి అలవాటైపోయింది. కానీ ఆల్‌ఫ్రెడ్ ఎవరు? ఎర్నెస్ట్ తమ్ముడు ఆల్బర్ట్‌కి, విక్టోరియా రాణికి పుట్టిన రెండో కొడుకు. అంటే ఎర్నెస్ట్ అతనికి పెదనాన్న. మన లెక్కలో కొడుకు వరసే.

ఇది చాదస్తం కాదండీ. అక్కడ గద్దె మగవాళ్ల వరసలోనే దిగేది. ఎర్నెస్ట్‌కి వారసులు లేరు కాబట్టి తమ్ముడి కొడుకుకి వెళ్లింది. ఆల్బర్ట్ కొడుకుల్లో పెద్దవాడైన ఎడ్వర్డ్ ఇంగ్లండుకి రాజు కావాల్సినవాడు, అందుకే 1863లోనే ఈ హక్కు వదులుకున్నాడు. మేనల్లుడు అంటే అక్కచెల్లెళ్ల కొడుకు. ఆ ఒక్క మాటతో వారసత్వమంతా తిరగబడింది.

1900లో ఆల్‌ఫ్రెడ్ పోయాడు. ఒక్కగానొక్క కొడుకు అంతకు ముందు ఏడాదే పోయాడు. ఈసారి గద్దె చార్లెస్ ఎడ్వర్డ్‌కి వచ్చింది. పదహారేళ్ల కుర్రాడు, తను పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్నవాడు. అతనూ ఆల్‌ఫ్రెడ్‌కి తమ్ముడి కొడుకే. 1918లో గద్దె దిగిన చివరి డ్యూక్ ఇతనే.

కామెంట్: మరి జర్మన్‌లో ఈ తేడా లేదా మాస్టారూ?

జవాబు: ఒకప్పుడు ఉండేది. ఫెట్టర్ అంటే మొదట్లో తండ్రి సోదరుడు, ఓహైమ్ అంటే మేనమామ. బాజె మేనత్త, మూమె తల్లి అక్కచెల్లెలు. తర్వాత ఫ్రెంచి నుంచి ఓంకెల్, టాంటె వచ్చి అన్నిటినీ కలిపేశాయి. ఫెట్టర్ ఇప్పుడు కజిన్ అయి కూర్చుంది. మన అంకుల్, ఆంటీల కథే.

కామెంట్: విక్టోరియా, ఆల్బర్ట్‌లను కూడా "కజిన్లు" అని వదిలేస్తారు. ఆమె తల్లి ఆల్బర్ట్ తండ్రి మొదటి ఎర్నెస్ట్‌కి స్వయానా చెల్లెలు. అంటే 1840లో జరిగింది అచ్చమైన మేనరికం! మేనమామే మామగారయ్యాడు. బెల్జియం రాజు లియోపోల్డ్ ఆమెకి మేనమామ, ఆల్బర్ట్‌కి బాబాయి. ఇంగ్లిష్‌లో ఇద్దరికీ అంకులే.

జవాబు: బావుంది. కాబట్టి ఆల్బర్ట్ ఆమెకి బావ అని రాయొచ్చు.

కామెంట్: తొందరపడకండి. ఆమె పుట్టింది 1819 మే 24న, అతను ఆగస్టు 26న. మూడు నెలలు చిన్నవాడు. మా ఇంట్లో అయితే మరిది అంటారు!