అమెరికాలో ఖర్చు కోతలు, పన్నుల పెంపు గొడవ ప్రతిసారీ ఆఖరి రోజుదాకా ఎందుకు వస్తుంది?

రాత్రిబండి:
అమెరికా రాజకీయాలు ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి. డబ్బు చాలకపోతే ఖర్చు తగ్గించాలి, లేదా పన్ను పెంచాలి, లేదా రెండూ కొంత కొంత చెయ్యాలి, ఇది రెండు పార్టీలకీ తెలిసిందే కదా. మరి గడువు దాటేదాకా ఎందుకు లాగుతారు? 2025 అక్టోబర్ 1న మొదలైన షట్‌డౌన్ 43 రోజులు నడిచింది. అంతకుముందు 2011లో డెట్ సీలింగ్ అన్నారు, 2012 చివర్లో ఫిస్కల్ క్లిఫ్ అన్నారు. ఈ మూడూ ఒకటేనా? ఏ వార్త చూసినా ఎవరు నెగ్గారు, ఎవరు తగ్గారు అనే రాస్తున్నారు, ఎవరి మీద భారం పడిందో రాయట్లేదు.

జమాఖర్చు:
మూడూ వేర్వేరండి. షట్‌డౌన్ అంటే ఖర్చుల బిల్లులు సమయానికి పాస్ కాకపోవడం. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, మంజూరు చెయ్యని డబ్బు ముట్టుకోకూడదు కాబట్టి చాలా ఆఫీసులు ఆగిపోతాయి. డెట్ సీలింగ్ దానికన్నా ప్రమాదం, ఎందుకంటే అది కొత్త ఖర్చుల గురించి కాదు, ఇదివరకే ఒప్పుకున్న ఖర్చుల కోసం ఎంతవరకు అప్పు చెయ్యొచ్చు అనే పరిమితి. 2011 ఆగస్టు 2న, సరిగ్గా ట్రెజరీ (ఆర్థిక శాఖ) చెప్పిన గడువు రోజే అప్పటి ప్రెసిడెంట్ ఒబామా ఆ పరిమితి పెంచి, ఖర్చులు తగ్గించే ఒప్పందం మీద సంతకం పెట్టారు, అయినా మూడు రోజుల తర్వాత, అప్పు తీర్చే సత్తాకి మార్కులేసే స్టాండర్డ్ అండ్ పూర్స్ కంపెనీ అమెరికా రేటింగ్‌ని ఏఏఏ నుంచి ఏఏ ప్లస్‌కి దించేసింది. ఎవరికీ బాకీ ఎగ్గొట్టలేదు, ఎగ్గొట్టే దాకా వెళ్లినందుకే అంత దెబ్బ.

ఫిస్కల్ క్లిఫ్ అంటే చిన్న బుష్ కాలం నాటి పన్ను తగ్గింపులు ముగియడం, 2011 ఒప్పందంలో రాసుకున్న కోతలు మొదలవ్వడం ఒకేసారి వచ్చి పడటం. చివరికి ఏటా ఆదాయం 4 లక్షల డాలర్లు దాటిన వ్యక్తులకి, నాలుగున్నర లక్షలు దాటిన దంపతులకి మాత్రమే పైరేటు, అంటే అన్నిటికన్నా ఎక్కువ ఆదాయపు పన్ను రేటు, 39.6 శాతానికి పెంచి, కోతల్ని రెండు నెలలు వాయిదా వేశారు. ఇక్కడ ఒకటి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. జీతాల మీద వేసే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) పన్నులో జీతంలో 2 శాతం మేర ఇస్తున్న తగ్గింపు కూడా అప్పుడే పోయింది, మామూలు ఉద్యోగుల చేతికొచ్చే జీతం జనవరి నుంచే తగ్గింది.

పాతపేపరు:
ఆఖరి రోజుదాకా ఎందుకంటే, ముందే ఒప్పుకున్నవాడు సొంత పార్టీలో ద్రోహి అయిపోతాడు. 1988లో రిపబ్లికన్ పార్టీ పెద్ద బుష్ కొత్త పన్నులు వెయ్యనని మాటిచ్చి, ప్రెసిడెంట్ అయ్యాక 1990లో అవతలి పార్టీ డెమోక్రాట్లతో కూర్చుని పైరేటు 28 నుంచి 31 శాతానికి పెంచారు, ఖర్చుకి కూడా కట్టుబాట్లు పెట్టారు. అది మంచి ఒప్పందమే అని నా అభిప్రాయం. 1993లో క్లింటన్ చేసిన పెంపు, ఆ తర్వాత ఆర్థిక వ్యవస్థ బాగా నడవడం దానికి తోడై 1998 నుంచి 2001 వరకు బడ్జెట్‌లో మిగులు కనబడింది. కానీ 1992లో బుష్ ఓడిపోయారు. ఆయన పార్టీవాళ్లు ఒక్కటే నేర్చుకున్నారు, పన్నుకి ఒప్పుకుంటే సీటు పోతుందని. అటువైపు డెమోక్రాట్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెద్దవాళ్ల ఆరోగ్య బీమా) జోలికి రానివ్వరు. ఇక కోయడానికి మిగిలేది బడ్జెట్‌లో ఏటా ఓటు వేసి ఇచ్చే చిన్న భాగం, సుమారు పావు వంతు, అందులోనే సగం రక్షణ ఖర్చు.

నీలిబ్యాడ్జి:
భారం ఎవరి మీద అని అడిగారు కదా, నేను చెప్తాను. నేను ఒక ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఆఫీసుకి పనిచేసే కాంట్రాక్ట్ కంపెనీలో ఉద్యోగిని. 2018 డిసెంబర్ చివర్లో షట్‌డౌన్ వచ్చినప్పుడు ముందు సెలవులు వాడుకోమన్నారు, అవి అయిపోయాక జీతం లేదు. పక్క సీట్లో ప్రభుత్వ ఉద్యోగికి తెరిచాక పాత జీతం మొత్తం వచ్చింది, అతనికి రావాల్సిందే, నాకేం కుళ్లు లేదు. ఆ పాత జీతం గ్యారంటీ అని 2019లో చట్టం కూడా చేశారు. అందులో మేం లేం. క్యాంటీన్‌లో వండేవాళ్లు, రాత్రి ఫ్లోర్లు తుడిచేవాళ్లు కూడా ఎక్కువమంది కాంట్రాక్టే, వాళ్ల దగ్గర వాడుకోడానికి సెలవులు కూడా ఉండవు. ఆ టెన్షన్ మళ్లీ 2025లో.

తక్కువపన్ను:
మీ బాధ నిజమే బ్రో, కాంట్రాక్ట్ వాళ్లని కూడా ఆ చట్టంలో చేర్చాలి. కానీ ఇంకో వైపు కూడా చూడండి. అప్పు 2025 అక్టోబర్‌లో 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024లో వడ్డీకే రక్షణకన్నా ఎక్కువ పోయింది. ఈ పట్టుదల లేకపోతే అసలు కోతే ఉండదు. 2011లో పీకల మీదకి తెచ్చారు కాబట్టే ఖర్చుల మీద పరిమితులొచ్చాయి.

జమాఖర్చు:
పరిమితులొచ్చిన మాట నిజం, కానీ ఎలా పడ్డాయో చూడండి. 2013 మార్చి 1న మొదలైన సీక్వెస్టర్, అంటే ఆ వాయిదా వేసిన కోతలే, ఏది ముఖ్యం ఏది కాదు అని చూడకుండా చాలా పథకాలకి ఒకే రకంగా కత్తెర వేసింది. ఏప్రిల్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకి జీతం లేని సెలవులిచ్చారు, విమానాలు ఆలస్యమయ్యాయి, వారం తిరక్కుండా కాంగ్రెస్ బిల్లు పాస్ చేసి ఎయిర్‌పోర్టుల పనులకి ఉంచిన డబ్బు అటు మళ్లించింది. అదే కోతలో పేద పిల్లల హెడ్ స్టార్ట్ బడుల్లో 57 వేలకు పైగా పిల్లలకి చోటు పోయింది. వాళ్ల కోసం అంత తొందరగా ఏ బిల్లూ రాలేదు. ఖర్చు తగ్గించాలంటే తగ్గించండి, కానీ ఏది అక్కర్లేదో పేరు పెట్టి చెప్పి, దాని మీద ఓటు వేసి తగ్గించండి. అర్ధరాత్రి గడువు పెట్టుకుంటే ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ అక్కర్లేకుండా పోతోంది.

రాత్రిబండి:
థ్యాంక్సండి అందరికీ. హెడ్ స్టార్ట్ సంగతి నాకు అస్సలు తెలీదు. నీలిబ్యాడ్జి గారూ, కాంట్రాక్ట్ వాళ్లకి కూడా పాత జీతం ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టారని చదివాను, అవి ఎక్కడ ఆగాయో తెలిస్తే ఇక్కడే రాయండి.