దెప్పలుగ చెరువు నిండిన… ఏ తెప్పలు?

వర్తూరు (బెంగళూరు): మా అపార్ట్‌మెంట్ తెలుగు బడి పిల్లలకు చెరువు బురదలోకి సేంద్రియ కర్బనం, అంటే మొక్కలు, జీవుల నుంచి వచ్చే కర్బనం, ఎలా చేరుతుందో ఒక పేజీ రాస్తున్నాను. పైన సుమతీ పద్యం వేద్దామని. 'దెప్పలుగ చెరువు నిండిన గప్పలు పదివేలు' అన్నచోట ఆగిపోయాను. మా చెరువు మీద తేలే గుర్రపు డెక్క చూస్తుంటే అవే తెప్పలేమో అనిపిస్తోంది. నిజమేనా?

జయనగర్ మాస్టారు: దాని ముందున్న 'అది యెట్లన్నన్' ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కాబట్టి త పోయి ద వచ్చింది. అసలు మాట తెప్పలుగ. అర్థం నిండుగా, అంతే. పైగా గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క. సుమతీ శతకం రాసిన బద్దెన దాన్ని చూసే వీలే లేదు.

కొల్లేటి కోడలు: అంతరతామర, నాచు ఉన్నాయి కదా మాస్టారూ! 'నిండుగా నిండిన' అని ఆయనెందుకంటాడండీ? చెరకు తుద వెన్ను పుడితే తీపి చెడుతుందని గమనించిన కవి. ఆ పద్యం నాకు ప్రాణం. అలాంటివాడు నీటి మీద తేలేది చూడడా?

హెబ్బాళ: తేలేదొక్కటే చూస్తే పిల్లల పేజీ సగమే అవుతుంది. పాచి, తేలే మొక్కలు, జమ్ము చెరువులోనే పుడతాయి. వానకు కొట్టుకొచ్చే మట్టి, ఆకులు, మురుగు బయటివి. పాచి తొందరగా కుళ్లిపోతుంది. జమ్ము కాడల్లో వాటిని గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, గాలి అందని బురదలో అది చాలాకాలం నిలుస్తుంది. బురదలో కర్బనానికీ నత్రజనికీ ఉన్న నిష్పత్తి 4–10 మధ్య ఉంటే ఎక్కువగా పాచిదని, 20 దాటితే నేల మీది మొక్కలదని లెక్క. మురుగు కలిసే బెంగళూరు చెరువుల్లో మాత్రం ఆ ఒక్క లెక్క నమ్మలేం. మురుగు కూడా పాచిలాగే తక్కువ అంకె చూపిస్తుంది.

వర్తూరు: ఇది పేజీలో పెడతాను. మరి తెప్ప?

జయనగర్ మాస్టారు: 'తెప్పలతో' అనలేదమ్మా, 'తెప్పలుగ' అన్నాడు. ఆ 'గ'ను వదిలేసి అర్థం చెప్పకూడదు. కుప్పలు తెప్పలుగా అని ఇప్పటికీ అంటున్నాం.

కొల్లేటి కోడలు: అనేది నిజమే. కుప్ప ఏదో కళ్లకు కనిపిస్తుంది. దాని పక్కన తెప్ప ఎక్కడినుంచి వచ్చి చేరింది? ప్రాస కోసమే అంటే ఒప్పుకోను. నీటి మీద ఒకదానికొకటి ఆనుకుని తేలేవాటిని చూసే ఎవరో ఆ మాట కట్టి ఉండాలి.

జయనగర్ మాస్టారు: అలాగైతే బద్దెనకు ముందు ఆ అర్థంలో ఎవరైనా వాడిన ఒక్క ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను.