మిల్కీ అక్రిలిక్ మీద ఎరుపు: రాత్రి లైటేస్తే పాలిపోతోంది, అంచున పెచ్చు లేస్తోంది

ప్రశ్న | గుంటూరు సైన్స్
అన్నలూ, 3 మి.మీ. మిల్కీ అక్రిలిక్ మీద యూవీ ఫ్లాట్‌బెడ్‌తో (యూవీ ల్యాంపుతో ఇంకును అక్కడికక్కడే గట్టిపరిచే ప్రింటరు) లైట్‌బాక్స్ బోర్డు వేస్తున్నాం. కస్టమర్ ఇచ్చిన ఎరుపు వినైల్ మీద సరిగ్గా వచ్చింది. అదే ఫైలు, అదే ప్రొఫైలుతో (ఏ షీటు మీద రంగులు ఎలా వేయాలో ప్రింటరుకు చెప్పే సెట్టింగు ఫైలు) అక్రిలిక్ మీద వేస్తే పగలు కాస్త నారింజ వైపు లాగుతోంది, లోపల లైటేస్తే గులాబీలా పాలిపోతోంది. మెజెంటా 10 శాతం పెంచితే రాత్రి కొంచెం నయం, పగలు మరీ ముదిరిపోతోంది. పైగా రౌటర్‌తో కోసిన అంచు వెంట ఇంకు పెచ్చులుగా ఊడుతోంది. ల్యాంపు పవర్ పెంచాలా?

జవాబు 1 | ఫ్లాట్‌బెడ్ బెజవాడ
మెజెంటాను కదపకు తమ్ముడూ. పగటి వెలుతురు ఇంకులోంచి లోపలికెళ్లి, షీటుకు తగిలి, మళ్లీ ఇంకులోంచే బయటికొస్తుంది. అంటే ఇంకు దాన్ని రెండుసార్లు వడకడుతుంది. ఎల్‌ఈడీ వెలుతురు వెనక నుంచి ఒక్కసారే దాటుతుంది. అందుకే ఒకే పొర రాత్రి పలచన. ఫైల్లో ఏ అంకె మార్చినా పగలూ రాత్రీ కలిసే కదులుతాయి.

మార్చాల్సింది పొరలు: రంగు, దాని మీద తెలుపు, ఆ పైన మళ్లీ రంగు. పగలు పై రంగు తెలుపు మీద నిలుస్తుంది, రాత్రి వెలుతురు రెండు రంగులనూ దాటి వస్తుంది. తెలుపు మరీ మందమైతే లైటు చచ్చిపోతుంది. 40, 60, 80 శాతాలతో మూడు పట్టీలు వేసి, పెట్టెలో వాడబోయే ఎల్‌ఈడీ మాడ్యూళ్ల ముందే, అంతే దూరంలో పెట్టి చూడు. 6500 కెల్విన్ కూల్ వైట్‌లో ఎరుపు నీరసంగా ఉంటుంది, 4000 దగ్గర బాగా నిలుస్తుంది. తెల్ల ఇంకులో టైటానియం డయాక్సైడ్ అడుక్కి దిగుతుంది కాబట్టి పొద్దున్నే కదిపి, సర్క్యులేషన్ నడిచాకే పని మొదలుపెట్టు.

జవాబు 2 | రిప్ టేబుల్
నారింజ సంగతి వేరు. వినైల్ ప్రొఫైలు అక్రిలిక్‌కు పనికిరాదు. ముందు పాసులు (ఒకే చోట హెడ్ ఎన్నిసార్లు తిరగాలో), వేగం, ల్యాంపు పవర్ ఖాయం చేసుకోండి. వీటిలో ఏది మారినా చుక్క పరుచుకునే తీరూ, మెరుపూ మారి రంగు తప్పుతుంది. తర్వాత నాజిల్ చెక్, లీనియరైజేషన్ (ప్రతి రంగూ అడిగిన శాతానికి తగ్గట్టే పడేలా సరిచేయడం), ఇంకు లిమిట్ (ఒక చోట పడే ఇంకుకు హద్దు), చివర్లో ప్రొఫైలు. ఇప్పుడు పొరలు కూడా మారుతున్నాయి కాబట్టి ఆ పొరలతోనే ప్రొఫైలు రంగుల చార్టు వేయాలి.

కోరల్‌లో (డిజైన్ సాఫ్ట్‌వేర్) కంటితో సీఎంవైకే అంకెలు వేయొద్దు. ఎరుపును స్పాట్ కలర్‌గానే (పేరు పెట్టిన విడి రంగుగా) ఉంచి, దాని ల్యాబ్ విలువ (కంటికి కనిపించే రంగును చెప్పే మూడు అంకెలు) రిప్‌లో (ఫైలును ప్రింటరు చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇవ్వండి. చుట్టూ మెజెంటా, ఎల్లో 3 శాతం చొప్పున పెంచుతూ తగ్గిస్తూ గళ్లు వేసి ఎంచుకోండి. డెల్టా ఈ (కావాల్సిన రంగుకూ వచ్చిన రంగుకూ తేడా) 2 లోపు వస్తే చాలా మంచిది. మిల్కీ షీటు వెలుతురును లోపలే పక్కలకు చిమ్ముతుంది, స్పెక్ట్రో (రంగు కొలిచే పరికరం) రీడింగు ముదురుగా చూపిస్తుంది. ప్రతిసారీ కింద ఒకే తెల్ల షీటు పరిచి కొలవండి, ఆఖరి మాట కంటిదే.

జవాబు 3 | హైదరాబాద్ యూవీ
పవర్ పెంచే ముందు పెచ్చును చూడండి. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అద్దిన గుడ్డతో రుద్దితే రంగు అంటుకుందా? క్యూరింగ్ (ల్యాంపు వెలుతురుకు ఇంకు గట్టిపడటం) చాలలేదు. గుడ్డకు అంటకుండా, గట్టి పొరలా మొత్తంగా లేస్తోందా? క్యూర్ అయింది, పట్టు లేదు. ఈ రెండోదానికి పవర్ పెంచితే ఇంకు ఇంకా పెళుసవుతుంది.

రక్షణ ఫిల్మ్ ప్రింటుకు ముందే తీసి, పీచు రాలని గుడ్డకు కొద్దిగా ఐపీఏ అద్ది ఒక్కసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. థిన్నర్ వద్దు. లేజర్‌తో కోసిన అంచుకు ఐపీఏ తగిలినా సన్నటి పగుళ్లొస్తాయి. తర్వాత అక్రిలిక్ ప్రైమర్ పలచగా. మూడు పొరల ఇంకు కుంచించుకుని అంచున లాగుతుంది కాబట్టి, కోత గీతకు 1 మి.మీ. లోపలే తెలుపు ఆపండి. ప్రింటయ్యాక 24 గంటలు ఆగి, బ్లేడుతో గళ్లు గీసి టేపు పరీక్ష చేశాకే రౌటర్ మీదికి. పదునైన సింగిల్ ఫ్లూట్ బిట్ వాడండి.

ప్రశ్న | గుంటూరు సైన్స్
గుడ్డకు రంగు అంటలేదన్నా, పొరలా లేస్తోంది. తెలుపు 1 మి.మీ. ఆపితే రాత్రి అంచున గీత కనపడదా?

జవాబు 3 | హైదరాబాద్ యూవీ
కనపడుతుంది. ఫ్రేము పట్టీ ఆ 1 మి.మీ.ను కప్పేలా కొలత తీసుకోండి. ఫ్రేము లేని బోర్డైతే ముందు కోసి, అంచు శుభ్రం చేసి, జిగ్‌లో (ముక్కను కదలకుండా పట్టుకునే అచ్చు) పెట్టి ఆ తర్వాతే ప్రింటు వేయండి.